జట్టు నేర్పిన అడ్డపొగ

తోడివారు చేసిరని పిల్లలు చేయు తెలివిమాలిన పనులలో మన సీమలో కానవచ్చున దొకటి కలదు. అది అడ్డపొగ. చుట్ట నిప్పుకొనను నోటిలో నుంచుకొని పీల్చు నీ యలవాటు శ్రీకాకుళపు పల్లెలలో, ముఖ్యముగా స్త్రీలలో, తరతరములుగా నాటుకొన్నది.

పండ్రెండవయేట నేనును నలుగురు నేస్తులతో చెఱువుగట్టున దీనిని నేర్వబోయి నాలుక కాల్చుకొంటిని. నాకు పొగపై మక్కువ లేదు. పిఱికివాడని నవ్వుదురను భయమే యుండెను.

శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లను వైద్యులు పరీక్షించి, తాము కనుగొన్న విషయములను 1971లో ప్రకటించిరి. సాధారణముగా చుట్ట కాల్చువారికి అంగిటియందు కేన్సరు అరుదు. అడ్డపొగలోనో, నిప్పువేడిమియు పొగయు నేరుగా అంగిటికే తగులును. అచటి పొర తెల్లబాఱి మందమగును. ఎఱ్ఱని మచ్చలును పుండ్లును పుట్టును. కొందఱిలో నవి కేన్సరుగా మారును. తొలిదశలోనే మానినచో నీ మార్పులు తగ్గవచ్చును.

కావున మొదట మన చేతి చుట్టను పాఱవేయుదము. పిదప ఒక్క పిల్లవానిని మందలింపక, జట్టునంతను కూర్చుండబెట్టి చెప్పుదము. జట్టుతో వచ్చిన యలవాటు జట్టుతోనే పోవలెను.