థైరాయిడ్ కాన్సరు: రక్తములోని ఆనవాలు

మెడ ముందుభాగమున, కంఠమణికి దిగువను, గాలిగొట్టము నానుకొని థైరాయిడ్ గ్రంథి యున్నది. ఇందులో ఏర్పడు గడ్డలలో అధికభాగము కాన్సరు కానేకావు. కాన్సరైనను, ఎక్కువగా కనిపించు పాపిల్లరీ రకము మెల్లగా పెరుగును. సకాలమున శస్త్రచికిత్స జరిగినచో పెక్కుమంది చిరకాలము జీవింతురు. చిక్కంతయు ఆ తరువాతనే యున్నది. పదేండ్లకో ఇరువదియేండ్లకో వ్యాధి మెడలోని లింఫు గ్రంథులలో గాని, ఊపిరితిత్తులలో గాని తిరిగి తలయెత్తవచ్చును. గాయము మానినది గదా యని అంతలో రోగి ఆసుపత్రికి పోవుటయే మానుకొనును.

థైరాయిడ్ కణములు థైరోగ్లోబ్యులిన్ అను పెద్ద మాంసకృత్తును తయారుచేసి, దానికి అయొడినును చేర్చి, హార్మోనును పుట్టించును. ఇతర అవయవము లేవియు దీనిని తయారుచేయవు. థైరాయిడ్ కాన్సరు ఇతర భాగములకు ప్రాకిన రోగుల రక్తములో ఇది హెచ్చుగా నుండునని 1975లో అమెరికాలో వాన్ హెర్లె, ఉల్లర్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. అయితే గ్రంథి మెడలో నుండగా ఈ పరీక్షవలన కాన్సరు ఉన్నదీ లేనిదీ తేలదు; మామూలు గళగండములోను ఇది పెరుగును. గ్రంథి నంతటిని తీసివేసి, అవసరమైనచో మిగిలిన కణములను రేడియోధార్మిక అయొడినుతో నశింపజేసిన పిమ్మటనే దీని విలువ తెలియును. తాళము వేసిన యింట దీపము వెలుగుచున్నచో లోపల నెవరో యున్నారని తెలియును గదా! ఒక్క పర్యాయపు అంకెకంటె, వరుస పరీక్షలలో అది పెరుగుచున్నదా యనునదే ముఖ్యము. కావున పాత కాగితములను పారవేయరాదు. వీలైనంతవరకు ఒకే పరీక్షాశాలకు పోవలెను.

ఈ అంకె మోసగించుటయు గలదు. రోగులలో ఇంచుమించు నాలుగవవంతు మందికి, థైరోగ్లోబ్యులిన్‌ను పట్టుకొను యాంటీబాడీలు రక్తములో నుండి, అంకెను తక్కువగా చూపవచ్చును. అందుచేత రెండింటిని కలిపియే పరీక్షింతురు. ఇంతకంటె ప్రమాదకరమైన మోసము మరొకటి. కాన్సరు ముదిరినకొలది కణము తన పనిని మరచిపోవును. అయొడినును లోనికి గొనితెచ్చు మాంసకృత్తు సన్నగిల్లును. అప్పుడు రేడియోధార్మిక అయొడిను పనిచేయదు. బీరాఫ్ అను జన్యువులోని మార్పు ఇందుకు తోడ్పడును. చివరకు థైరోగ్లోబ్యులిన్ తయారీయు నిలిచిపోవచ్చును. అంకె తగ్గుచుండగనే గడ్డ పెరుగుచుండును! రక్తపరీక్షతోపాటు మెడకు అల్ట్రాసౌండ్ పరీక్షను మానరాదనుట ఇందుకే.

గ్రంథిలోని వేరొక జాతి కణములనుండి పుట్టు మెడల్లరీ రకమునకు ఆనవాలు కాల్సిటోనిన్. ఇది రెట్టింపగుటకు రెండేండ్లకు పైగా పట్టినచో వ్యాధి నిదానముగా నడచుచున్నదని యర్థము. ఆరు నెలలలోపుననే రెట్టింపైనచో త్వరపడవలెను. ఈ రకము సుమారు నాలుగవవంతు మందికి వంశపారంపర్యముగా వచ్చును. కావున రోగికి రెట్ అను జన్యువును పరీక్షించి, అందు దోషము కనిపించినచో బిడ్డలకును తోబుట్టువులకును అదే పరీక్ష చేయింతురు. దోషము సంక్రమించిన బిడ్డకు, వైద్యులు నిర్ణయించిన వయస్సున, కాన్సరు పుట్టకముందే గ్రంథిని తీసివేయుదురు. ఆ బిడ్డ పెరిగి పెద్దయైనను ప్రతిదినము ఉదయము పరగడుపున థైరాక్సిన్ మాత్ర వేసికొనుచుండవలెను.