కారులో అమ్మ ఒడి సేఫేనా? పసిపిల్లలతో ప్రయాణించేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన విషయాలివే..

మహబూబాబాద్: కురవి వీరభద్రస్వామి దర్శనమైనా, మేడారం జాతరైనా, వరంగల్‌లో పిల్లల డాక్టర్ దగ్గరికైనా.. కారు ఎక్కితే పసిపిల్లల సీటు ఒక్కటే. అదే అమ్మ ఒడి. లేదంటే నానమ్మ ఒడి. గట్టిగా పట్టుకుంటే ఏమీ కాదులే అని అందరి ధీమా. కానీ కారు దేన్నైనా ఢీకొడితే ఆ పట్టు నిలవదు. ఎందుకో చూద్దాం.

చేతులతో ఎందుకు ఆపలేం?

కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది అనుకుందాం. ఒడిలో ఉన్న పిల్లాడి బరువు 10 కిలోలు. కారు దేన్నో గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోయింది. కారు ఆగినా పిల్లాడు అదే వేగంతో ముందుకు దూసుకుపోతాడు. అతన్ని ఆపాలంటే ఆ క్షణంలో దాదాపు 140 కిలోల బరువు మోసేంత బలం కావాలి. ఏ తల్లి చేతులకూ అది సాధ్యం కాదు. ఆ వేగంతో తగిలే దెబ్బ మూడంతస్తుల మేడ మీద నుంచి కింద పడ్డంత ఉంటుంది.

తల్లీబిడ్డలకు కలిపి ఒకే బెల్ట్ పెట్టడం ఇంకా డేంజర్. తల్లి బరువంతా బిడ్డ మీద పడుతుంది. బెల్టుకు, తల్లికి మధ్య బిడ్డ నలిగిపోతుంది.

తొర్రూరు, మరిపెడ మీదుగా వెళ్లే వరంగల్-ఖమ్మం హైవే అయినా, ఊళ్ల మధ్య రోడ్లైనా ఇక్కడ సడెన్ బ్రేకులు మామూలే. కోతల టైంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, రాత్రిపూట వెనక లైట్లు లేని ట్రాక్టర్లు, అడ్డొచ్చే గేదెలు.. ఏదైనా చాలు. 'దగ్గరే కదా' అనుకునే ప్రయాణంలోనూ ముప్పు ఉంటుంది.

ముందు సీట్లో అస్సలు వద్దు

ఎయిర్‌బ్యాగ్ ఉంది కదా అనుకోవద్దు. అది పెద్దవాళ్ల కోసం తయారైంది. రెప్పపాటు కన్నా వేగంగా తెరుచుకుంటుంది. 2024 సెప్టెంబర్‌లో కేరళలోని మలప్పురం జిల్లాలో ముందు సీట్లో తల్లి ఒడిలో ఉన్న రెండేళ్ల పాప, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుని చనిపోయింది. అందుకే పిల్లల చోటు ఎప్పుడూ వెనక సీటే.

చట్టం ఏం చెబుతోంది?

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 194బి ఉంది. 14 ఏళ్లలోపు పిల్లలకు సీటు బెల్ట్ గానీ, చైల్డ్ సీటు గానీ లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. ఈ రూల్ 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. హెల్మెట్ గురించి తెలిసినంతగా దీని గురించి జనానికి తెలియదు.

ఏ వయసుకు ఏ సీటు?

* పుట్టిన దగ్గర్నుంచి: వెనక్కి తిరిగి కూర్చునే సీటు. పసిపిల్లల తల బరువు, మెడ బలహీనం. వెనక్కి తిరిగి ఉంటే దెబ్బ మెడ మీద కాకుండా వీపంతా పరుచుకుంటుంది. కనీసం 15 నెలలు దాటేదాకా, వీలైతే ఇంకా ఎక్కువ కాలం ఇలాగే ఉంచాలి.
* ఆ తర్వాత: ముందుకు చూసే సీటు. దానికి సొంత బెల్టులు ఉంటాయి.
* ఇంకాస్త పెద్దయ్యాక: బూస్టర్ సీటు. ఎత్తు 4 అడుగుల 9 అంగుళాలు దాటాకే కారు బెల్ట్ సరిగ్గా సరిపోతుంది.

అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ లెక్క ప్రకారం, చైల్డ్ సీటుతో ఏడాదిలోపు పిల్లలకు ప్రాణాపాయం 71 శాతం, 1 నుంచి 4 ఏళ్ల వాళ్లకు 54 శాతం తగ్గుతుంది. సీటు ధర వేలల్లో ఉంటుంది, నిజమే. కానీ ఒకసారి కొంటే కొన్నేళ్లు వస్తుంది. కిరాయి కారులోనూ బిగించుకోవచ్చు. కొనేముందు పిల్లల బరువు, ఎత్తు చూసుకోండి. ప్రమాదానికి గురైన పాత సీటు మాత్రం తీసుకోవద్దు.

ఆగి ఉన్న కారూ ప్రమాదమే

2025 ఏప్రిల్ 14న రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్దలో ఆపి ఉన్న కారులోకి ఎక్కిన నాలుగు, ఐదేళ్ల చిన్నారులు ఇద్దరు బయటకు రాలేక చనిపోయారు. నెల తిరిగేసరికి మే 18న విజయనగరం జిల్లా ద్వారపూడిలో అలాగే నలుగురు పిల్లలు ప్రాణాలు కోల్పోయారు.

మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి దాదాపు 11 డిగ్రీలు పెరుగుతుంది. పెద్దవాళ్లతో పోలిస్తే పిల్లల ఒళ్లు మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. అద్దం కొంచెం దించినా పెద్దగా తేడా ఉండదు. 'పాలప్యాకెట్ తెచ్చేస్తా' అని కూడా పిల్లల్ని కారులో వదలొద్దు. ఇంటి దగ్గరున్నా కారు లాక్ చేసి, తాళం పిల్లలకు అందకుండా పెట్టండి. పిల్లలు కనిపించకపోతే మొదట కారులో, డిక్కీలో చూడండి.

బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

* వెనక డోర్లకు చైల్డ్ లాక్ వేయండి.
* సీటు కదిలించి చూడండి. వదులుగా ఊగితే మళ్లీ బిగించండి.
* స్టీల్ బాటిల్, టిఫిన్ బాక్స్ వెనక అద్దం దగ్గర పెట్టొద్దు. బ్రేక్ పడితే రాయిలా వచ్చి తగులుతాయి.
* సన్‌రూఫ్‌లోంచి, కిటికీలోంచి తల బయట పెట్టనివ్వద్దు.
* ఏడుస్తున్నారని నడుస్తున్న కారులో బెల్ట్ విప్పొద్దు. కారు పక్కకు ఆపి ఎత్తుకోండి.
* రివర్స్ చేసేముందు దిగి, కారు వెనక పిల్లలు ఉన్నారేమో చూడండి.

మొదట్లో పిల్లలు సీట్లో కూర్చోమని మారాం చేస్తారు. ఊళ్లోనే చిన్న చిన్న ప్రయాణాలతో అలవాటు చేస్తే కొన్ని రోజుల్లో వాళ్లే ఎక్కి కూర్చుంటారు. ప్రమాదం జరిగితే వెంటనే 108కి ఫోన్ చేయండి.