మోటారు సైకిలు బ్రేకులు

పెద్ద డిస్కు, ఖరీదైన కాలిపర్ వేయించినచో మోటారు సైకిలు చప్పున ఆగునని మనలో పలువురు తలంతురు. కాని బండిని నిలుపునది టైరునకు రోడ్డుపై గల పట్టు. దానిని మించి బ్రేకు పట్టినచో చక్రము బిగిసి బండి జారును. అట్లు బిగియకుండుటకే 125 సీసీకి మించిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుండి ఏ.బి.యస్. తప్పనిసరి చేసిరి.

మనము ముందు చూడవలసినవి ప్యాడ్లు. అవి పూర్తిగా అరిగి ఇనుప పలక తాకినచో గరగర శబ్దము వచ్చును. డిస్కు కూడ చెడును. డిస్కుకు ఉండవలసిన కనీస మందము సాధారణముగా దానిమీదనే చెక్కబడియుండును.

ఇక బ్రేకు ఆయిలు సంగతి మనకు తోచనే తోచదు. అది గాలిలోని తేమను పీల్చుకొనును. కొత్తగా నున్నపుడు 230 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరుగని డాట్ 4 ఆయిలు, తేమ చేరిన పిదప 155 డిగ్రీల దాపుననే మరుగవచ్చును. అప్పుడు ఆవిరి బుడగలు పుట్టి, ఘాట్ రోడ్డు దిగుచుండగా లివరు మెత్తబడి బ్రేకు పట్టదు. రెండేండ్లకొకసారి ఆయిలు మార్పించవలెను. కాలిపర్ ముచ్చట పిదప చూచుకొనవచ్చును.