గుడిమల్లం రాతిలో వేటగాడు

మనుబోలు వైపు నుంచి కాళహస్తికి వెళ్లేవాళ్లు దర్శనం, రాహుకేతు పూజ ముగించుకుని చాలామంది తిన్నగా తిరుపతి దారి పడతారు. గూడూరు నుంచి రేణిగుంటకు వెళ్లే రైలు మార్గంలో కాళహస్తి దాటాక వచ్చే ఏర్పేడు మండలంలోనే గుడిమల్లం ఉంది. స్వర్ణముఖి ఒడ్డున, పొలాల మధ్య చిన్న పల్లె. అక్కడి పరశురామేశ్వరాలయంలోని శివలింగం దేశంలో ఇప్పటివరకూ దొరికిన అతి పురాతన లింగాల్లో ఒకటి.

ఎత్తు సుమారు 5 అడుగులు. నునుపుదేలిన ముదురు గోధుమరంగు రాయి. దాని ముందుభాగంలో నిలువెత్తు శివుడు. కుడిచేత్తో పొట్టేలును వెనక కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీశాడు. ఎడమచేతిలో చిన్న పాత్ర, భుజానికి ఆన్చిన గొడ్డలి. ఒంటిమీద జంధ్యం లేదు. కట్టుకున్న పల్చని బట్ట మడతలు కూడా రాతిలో తెలుస్తాయి. కాళ్ల కింద మరుగుజ్జు యక్షుడు. దేవుడనేకంటే వేట ముగించుకుని ఇంటికొచ్చిన మనిషి అంటేనే నమ్మబుద్ధవుతుంది!

ఊళ్లో కథ వేరు. లింగం శివుడు, నిలబడ్డవాడు విష్ణు అంశ అయిన పరశురాముడు, కిందివాడు బ్రహ్మ అంశతో పుట్టిన చిత్రసేనుడు. అలా త్రిమూర్తులూ ఒకే రాతిలో ఉన్నారన్నది స్థలపురాణం.

ఎప్పటిదీ లింగం? క్రీ.పూ. 3వ శతాబ్దం అన్నవారున్నారు, క్రీ.శ. 2వ శతాబ్దం అన్నవారూ ఉన్నారు. ఈ తేడా చిన్నది కాదు. మొదటి మాటే నిజమైతే, దక్షిణాదిన రాతి గుళ్లు రావడానికి ఎన్నో వందల ఏళ్ల ముందే ఇక్కడి శిల్పికి ఇంతటి చేయి తిరిగిందన్నమాట. 20వ శతాబ్దం ఆరంభంలో టి.ఎ.గోపీనాథరావు దీన్ని పరిశీలించి పండితలోకం దృష్టికి తెచ్చారు. 1973లో పురావస్తుశాఖ తవ్వితే లింగం చుట్టూ రాతి కంచె బయటపడింది, అచ్చం బౌద్ధ స్తూపాలకు కట్టేలాంటిదే. అంటే తొలినాళ్లలో ఈ స్వామి ఆరుబయటే ఉండేవాడని పండితుల ఊహ. తర్వాత ఇటుకల గుడి, 12వ శతాబ్దంలో విక్రమచోళుడి కాలానికి ఇప్పటి రాతిగుడి. వెనకభాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. గర్భగుడి మాత్రం మండపం కన్నా పల్లంలోనే మిగిలిపోయింది. చుట్టూ ఎన్ని మారినా రాయిని ఎవరూ కదల్చలేదు.

పిల్లలతో వెళ్తే ముందు పొట్టేలును వెతకమనండి. దగ్గర్లోనే పాపానాయుడుపేట ఉంది, గాజుపూసల తయారీకి పేరున్న ఊరు.