గుండెకు నడక నేర్పు విద్య

ఆరవ నిజాము కొలువులోని ఆర్మీనియను ఆబిద్ పేర వెలసిన ఆబిడ్సు కూడలిలో, ఆదివారమునాడు పాతపుస్తకములు ఏరుకొను అలవాటు మన ఉపాధ్యాయులలో పెక్కురకు కలదు. అక్కడినుండి నాంపల్లి వైపు నడచినచో, ఎగ్జిబిషను మైదానపు దారిలో, డాక్టరు సోమరాజు ప్రభృతులు 1997లో స్థాపించిన కేర్ వైద్యశాల అగపడును. అబ్దుల్ కలాముతో కలిసి ఆయన రూపొందించిన చౌక స్టెంటు కథ ఎల్లరెరిగినదే. మూసుకొనిన నాళము తెరచుకొనిన పిమ్మట రోగి ఇల్లు చేరును. మేడమెట్లు ఎక్కవచ్చునా? బడికి పోయి అయిదు పీరియడ్లు నిలువబడి పాఠము చెప్పవచ్చునా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకు శాస్త్రమొకటి కలదు. అందు కృషి చేసినవారిలో నర్సులు పెక్కురు.

పూర్వము గుండెపోటు వచ్చినవానిని వారముల తరబడి మంచము దిగనిచ్చెడివారు కారు. 1952లో అమెరికాలో లెవైన్, లౌన్ అను వైద్యులు రోగిని కుర్చీలో కూర్చుండబెట్టుటయే మేలని ప్రకటించిరి. మరి పదేండ్లకు ఫిలడెల్ఫియాలో డాక్టరు మెల్ట్జర్ ఇంకొక సాహసము చేసెను. వైద్యుడు వచ్చువరకు ఆగక, గుండెలయ తప్పుటను గుర్తించి విద్యుదాఘాతమిచ్చు అధికారమును నర్సుల కొసగెను. ఆ ప్రయోగమున పాల్గొన్న రోజ్ పిన్నియో అను నర్సు, ఆయన ప్రభృతులతో కలిసి నర్సులకై రచించిన గ్రంథము 1965లో వెలువడినది.

మన దేశమున నర్సింగు పట్టపు చదువు 1946లో ఢిల్లీ, వెల్లూరులలో మొదలైనది. డాక్టరేటు వరకు పోవు దారి చాల తరువాత ఏర్పడినది. చరకుడు చికిత్సకు చెప్పిన నాలుగు పాదములలో పరిచారకుడొకడు. అతని గుణములలో మొదట చెప్పినది ఉపచారపు తెలివి, విధేయత కాదు. మనము మాత్రము ఆ మాటలో ఊడిగమునే మిగుల్చుకొంటిమి.

ఈ పరిశోధనకు కావలసిన సామగ్రి స్వల్పము: 30 మీటర్ల వసారా, ఒక గడియారము. రోగిని ఆరు నిముషములు నడిపించి ఎంత దూరము పోయెనో కొలుతురు. కొన్ని వారముల వ్యాయామము తరువాత మరల కొలుతురు. దీనికి డాక్టరేటా యని నవ్వుటకు, ఒక పద్యపు పాఠాంతరమునకై ఏండ్లు గడపు మా తెలుగు పండితులకు అర్హత లేదు. 24 ఆసుపత్రులలో 3,959 మందిపై జరిగి 2020లో ప్రకటితమైన భారతీయ పరిశోధన యోగాభ్యాసమును పరీక్షించినది. మరణములును, మరల వచ్చు పోటులును తగ్గెనని అది నిశ్చయింపలేకపోయినది. కాని అభ్యసించినవారు పూర్వపు పనులకు మరలుటలో ముందుండిరి. ఈ రెండవ ఫలితము చిన్నదని నేననను.

అసలు చిక్కు మాటలలో నున్నది. రోగి స్థితిని తెలిసికొను ప్రశ్నావళులు పెక్కు ఆంగ్లమున పుట్టినవి. అందు అలసటకు ఒక్క మాట ఉండును. మన ఇల్లాలు నీరసమన్న ఒకటి, నిస్త్రాణ అన్న వేరొకటి. ఆయాసమును రొప్పును ఒకటి కావు. గుండె బరువెక్కినదన్నచో అది దుఃఖమా, వ్యాధియా? ఇట్టి శిక్షణకు స్త్రీలు పురుషులకంటె తక్కువగా వత్తురని పెక్కు దేశముల అనుభవము. ఎందుకు రారో వారి మాటలలోనే వినవలెను. నర్సింగునకు పోదలచిన బాలికకు తెలుగెందుకని అడుగు తలిదండ్రులకు ఉపాధ్యాయులు ఈ సంగతి చెప్పవచ్చును. ఒకరు తెనిగించిన ప్రశ్నను, మూలము చూడని మరియొకరు తిరిగి ఆంగ్లమున వ్రాయుదురు. రెండును పొసగనిచో మాట మార్చి, మరల రోగుల ముందుంచి, అర్థమైనదా యని అడుగుదురు.