పదార్థ స్థితులు - సైబరాబాదు భవనాల చల్లదనం

పదార్థం సాధారణంగా మూడు స్థితులలో కనిపిస్తుందని ప్రతి విద్యార్థికీ తెలుసు. ఘనపదార్థానికి నిర్దిష్టమైన ఆకారమూ, ఘనపరిమాణమూ వుంటాయి. ద్రవానికి ఘనపరిమాణం వుంటుంది గాని సొంత ఆకారం వుండదు. వాయువుకు ఈ రెండూ లేవు. ఎంత చోటు దొరికితే అంతా వ్యాపిస్తుంది. ఈ భేదాలు పరీక్షలో వ్రాయడానికి మాత్రమే పనికివచ్చేవి కావు. హైదరాబాదులోని మాదాపూరులో 1998 నవంబరు 22వ తేదీన సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తరువాత హైటెక్ సిటీ, సైబరాబాదు ప్రాంతాలలో అద్దాల భవనాలు అనేకం వెలిశాయి. మండువేసవిలో కూడా వాటి లోపల మనుషులూ, కంప్యూటర్లూ పనిచేయగలగడానికి ఈ భేదాలే ఆధారం.

కంప్యూటరు వినియోగించే విద్యుచ్ఛక్తి దాదాపు అంతా చివరకు ఉష్ణంగానే మారుతుంది. మనుషుల శరీరోష్ణమూ, అద్దాల గుండా వచ్చే ఎండా దానికి తోడవుతాయి. ఉష్ణశక్తిని లేకుండా చేయడం సాధ్యం కాదు. లోపలినుండి బయటకు తరలించవలసిందే. ఆ ప్రయాణం ఎలా సాగుతుందో చూద్దాం.

ఘనస్థితి

కంప్యూటరులోని సిలికాన్ స్ఫటికంలో ప్రతి పరమాణువూ చుట్టూ వున్న నాలుగు పరమాణువులతో బంధింపబడి వుంటుంది. అది కంపించగలదే గాని తన స్థానాన్ని విడిచి పోలేదు. అందువల్లనే దానిపై నిర్మించిన అతిసూక్ష్మమైన విద్యున్మార్గాలు చెదరక నిలుస్తాయి. సిలికాన్ 1,414 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గాని కరగదు. అయినా అంతకు ఎంతో ముందే, సుమారు 100 డిగ్రీల వేడికే, ఆ మార్గాల పని చెడిపోతుంది. కాబట్టి పుట్టిన వేడిని వెంటనే తీసివేయాలి. ఇందుకు రాగి, అల్యూమినియం రేకులు వాడతారు. ఉష్ణవాహకతలో రాగి గాలికంటే సుమారు 15,000 రెట్లు మిన్న.

ద్రవస్థితి

రాగి వేడిని కొద్ది దూరమే మోయగలదు; భవనం పైకప్పు దాకా మోయలేదు. అక్కడికి చేర్చాలంటే ప్రవహించే పదార్థం కావాలి. ద్రవంలో అణువులు దగ్గరదగ్గరగా వుంటూనే ఒకదానిపై ఒకటి జారగలవు. అందుచేత నీటిని గొట్టాలలో ఎక్కడికైనా పంపవచ్చును. గాలి కూడా ప్రవహిస్తుంది గదా, అది చాలదా అనే ప్రశ్న కలగవచ్చు. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి 1,000 కేలరీలు గ్రహిస్తుంది. ఒక లీటరు గాలి గ్రహించేది ఒక కేలరీలో మూడవ వంతు కూడా కాదు. అంటే నీరు సుమారు 3,500 రెట్లు ఎక్కువ వేడిని మోస్తుంది. పెద్ద భవనాలలో చల్లని నీటిని అంతస్తు అంతస్తుకూ త్రిప్పడానికి కారణం ఇదే.

స్థితి మార్పు

ఇలా తిరిగివచ్చిన నీటిని మళ్ళీ చల్లబరచాలి. ఇందుకు అతి సులభంగా మరిగే ద్రవాన్ని వాడతారు. ఉదాహరణకు ఆర్-134ఏ అనే పదార్థం వాతావరణ పీడనం వద్ద సున్నకు 26 డిగ్రీల దిగువనే మరుగుతుంది. అది ఆవిరి కావడానికి కావలసిన ఉష్ణాన్ని నీటినుండి లాగుకొంటుంది. వాయువును నొక్కి కుదించవచ్చును గనుక, ఆ ఆవిరిని కంప్రెసరు అధిక పీడనానికి తెస్తుంది. అప్పుడు అది ఎక్కువ ఉష్ణోగ్రత వద్దనే తిరిగి ద్రవమై, తాను గ్రహించిన వేడిని విడిచిపెడుతుంది.

ఆ వేడి చివరకు ఆకాశంలోకి పోవాలి. అనేక భవనాల పైకప్పులమీద వుండే కూలింగ్ టవర్లు చేసే పని ఇదే. వాటిలో నీరు తుంపరలుగా రాలుతూ వుండగా గాలి ఎదురుగా వీస్తుంది. వేగం ఎక్కువగా వున్న అణువులు తప్పించుకొని పోతాయి. మిగిలిన నీరు చల్లబడుతుంది. ఒక గ్రాము నీటిని 0 నుండి 100 డిగ్రీలకు వేడిచేయడానికి 100 కేలరీలు చాలు. కాని 30 డిగ్రీల వద్ద అదే గ్రాము ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీలు కావాలి. దీనినే గుప్తోష్ణం అంటారు. మన మట్టికుండలో నీరు చల్లబడడానికీ, తడిపిన వట్టివేళ్ళ తడక గదిని చల్లబరచడానికీ ఆధారం ఈ సూత్రమే.

చల్లదనం వెల

ఈ చల్లదనానికి వెల నీరే. గంటగంటకూ 1,000 కిలోవాట్ల వేడిని ఆవిరి ద్వారా పంపాలంటే గంటకు సుమారు 1,500 లీటర్ల నీరు కావాలి. రేయింబవళ్ళు పనిచేస్తే రోజుకు ఇది సుమారు 36,000 లీటర్లు అవుతుంది. పైగా నీరు ఆవిరైనా అందులో కరిగివున్న లవణాలు ఆవిరి కావు. అవి గొట్టాలలో గట్టిపడకుండా కొంత నీటిని పారబోసి కొత్తనీరు నింపాలి. హైదరాబాదుకు కృష్ణా, గోదావరి జలాలు వంద కిలోమీటర్లకు పైగా దూరంనుండి ఎత్తిపోతల ద్వారా వస్తున్నవి. అందుచేత ఇటువంటి పనికి త్రాగునీటికి బదులు శుద్ధిచేసిన మురుగునీటిని వాడడం మేలు. నీరులేకుండా గాలితోనే చల్లబరచే యంత్రాలున్నవి గాని, వాటికి విద్యుత్తు ఎక్కువ ఖర్చవుతుంది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో తేలికగా చూపవచ్చును. రెండు థర్మామీటర్లు తీసుకొని, ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి, రెండింటినీ గాలి తగిలేచోట వ్రేలాడదీయాలి. ఏప్రిల్ నెల పొడిగాలిలో రెండింటికీ నడుమ వ్యత్యాసం ఎక్కువగా వుంటుంది. జూలై నెల తేమగాలిలో అది బాగా తగ్గుతుంది. కూలింగ్ టవర్లు వానాకాలంలో మందగించడానికి కారణమేమిటో విద్యార్థులు ఆ రెండు అంకెలను చూసి తామే చెప్పగలరు.