చీపురు పుల్లలు నేర్పే లెక్క

52లోంచి 18 తీసేస్తే ఎంత? మీ ఇంట్లో మూడో తరగతి చదివే తమ్ముడినో, చెల్లినో అడిగి చూడండి. '46' అన్నారా? కోప్పడకండి. చాలామంది పిల్లలు ఇలాగే చేస్తారు. 2లోంచి 8 పోదు కాబట్టి 8లోంచే 2 తీసేసి 6 వేస్తారు. 5లోంచి 1 తీసి 4 వేస్తారు. అంకెలు కనిపిస్తున్నాయి కానీ వాటి వెనకున్న సంఖ్య కనిపించట్లేదన్నమాట!

ఇదేమీ చిన్న విషయం కాదు. 2024 అసర్ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగేది ముగ్గురిలో ఒక్కరే. ఇక్కడ తడబడితే భాగహారం కొరుకుడు పడదు. చివరికి 'నాకు లెక్కలు రావు' అని ఫిక్సైపోతారు.

కట్ట విప్పితే సరి!

చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు చాలు. పదేసి పుల్లలు ఒక కట్ట. 52 అంటే అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఇప్పుడు 18 ఇవ్వమనండి. ఎనిమిది విడి పుల్లలు లేవు కదా! పిల్లలే ఒక కట్ట విప్పుతారు. పన్నెండులోంచి ఎనిమిది తీస్తే నాలుగు. మిగిలిన నాలుగు కట్టల్లోంచి ఒకటి ఇచ్చేస్తే మూడు. జవాబు 34. బడిలో చెప్పే 'పక్కనుంచి అప్పు తెచ్చుకో' అన్న మాటకు అర్థం అప్పుడు తెలుస్తుంది.

అమ్మమ్మల ఆటలే

అష్టాచమ్మాలో గవ్వలు పడగానే ఎన్ని వెల్లకిలా పడ్డాయో లెక్కపెట్టకుండానే చెప్పేస్తాం. ఒక్క చూపులో సంఖ్యను పట్టుకోవడం అంటే అదే. వామనగుంటల్లో 'ఈ చింతగింజలు ఏ గుంటదాకా వస్తాయి?' అని ముందే ఊహించాలి. నేల మీద సుద్దముక్కతో 0 నుంచి 20 దాకా గీత గీసి గెంతమనండి. 8కి 5 కలపాలంటే రెండు గెంతులతో 10, ఇంకో మూడింటితో 13!

ఒక్క జాగ్రత్త

పుల్లలతో ఆడి వదిలేస్తే లాభం లేదు. చేత్తో చేశాక బొమ్మ గీయించాలి, ఆ తర్వాతే అంకెల్లో రాయించాలి. తప్పొస్తే 'ఎలా చేశావ్?' అని అడగాలి. తప్పు ఎక్కడుందో పిల్లలే చెప్పేస్తారు.

ఎక్కాల యాప్ తర్వాత డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఈ ఆదివారం ముందు చీపురు పుల్లలు ఏరండి!